అమ్మ కోసం బాత్రూం మారుస్తున్నాం: ఇండియన్ బేసిన్ తీసి వెస్టర్న్ కమోడ్ బిగించే పని డైరీ

సంక్రాంతి వెళ్లాక, ఆదివారం

తెనాలి దగ్గర పల్లెలో మా ఇల్లు తొంభైల్లో కట్టింది. బాత్రూం ఇంట్లోనే ఉంది, నాలుగడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, అందులో ఒక మెట్టు ఎత్తు గద్దె, ఆ గద్దె మీద ఇండియన్ బేసిన్. అమ్మకి మోకాళ్లు అరిగాయి, గొంతుక్కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఇప్పటిదాకా బేసిన్ మీద కన్నం ఉన్న స్టీలు కుర్చీ వేసి నెట్టుకొస్తోంది, కానీ గద్దె చిన్నది కావడంతో ఆ కుర్చీ వెనక కాళ్లు రెండూ సరిగ్గా అంచు మీదకి వస్తున్నాయి, ఒక్క అంగుళం జరిగితే కుర్చీతో సహా పడిపోతుంది. నేను పండక్కి వచ్చి అది చూసినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. అందుకే తమ్ముడూ నేనూ కలిసి మొత్తం మార్చేద్దామని కూర్చున్నాం.

ఊళ్లో ప్లంబర్లు ఉన్నారు, ఇద్దరిని అడిగాం కూడా. "ఒక్కరోజు పనమ్మా, కమోడ్ కొని పెట్టండి, వచ్చి బిగించేస్తాం" అన్నారు. అమ్మ ఎత్తెంత, మోకాలు ఎంతవరకు వంగుతుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఈ మాటలు ఇద్దరూ అడగలేదు. నాకేమో అవే ముందు తేలాలి. కమోడ్ కొనడం చివర్లో చేయాల్సిన పని. ముందు అమ్మ మోకాలు కొలవాలి, తర్వాత పైపు ఎటు పోతుందో చూడాలి, ఆ రెండూ తేలాకే షాపుకి.

అందుకని ఈ రోజు పని మొత్తం కొలతలే. హాల్లో బల్ల వేసి, దాని మీద చెక్కలు ఒకదాని మీద ఒకటి పెడుతూ అమ్మని కూర్చోబెట్టి లేపాం. "ఏంటే ఈ ఆటలు, ఏదో ఒకటి తెచ్చి పెట్టండి" అంటూనే కూర్చుంది పాపం. పదిహేను అంగుళాల ఎత్తులో లేవాలంటే రెండు చేతులూ బల్ల మీద గట్టిగా ఆనించి ఊగి లేవాల్సి వచ్చింది. పదిహేడున్నర దగ్గర ఒక చెయ్యి ఆనిస్తే చాలు, పాదాలు నేల మీద పూర్తిగా ఆనుతున్నాయి. పంతొమ్మిదికి వెళ్తే మడమలు లేచిపోతున్నాయి, తొడల కింద నొక్కుకుంటోంది. కాబట్టి సీటు పైభాగం నేల నుంచి పదిహేడున్నర అంగుళాలు. వికలాంగుల కోసం కట్టే టాయిలెట్లకి మన దేశంలో 450 నుంచి 480 మిల్లీమీటర్ల సీటు ఎత్తు చెబుతారు, అంటే పద్దెనిమిది దగ్గర మొదలవుతుంది. అమ్మ పొట్టి మనిషి కాబట్టి ఆవిడకి అరంగుళం తక్కువే సరి.

సోమవారం రాత్రి

పైపు సంగతి. ఇది తేలకుండా కమోడ్ బుక్ చేసినవాళ్ల ఇబ్బందులు చాలా చూశాను కాబట్టి దీని గురించి వివరంగా రాస్తాను.

నేల మీద కూర్చునే కమోడ్లు రెండు రకాలు, వాటి ట్రాప్‌ని బట్టి, అంటే బౌల్ కింద నీళ్లు నిలిచే వంపుని బట్టి. ఎస్ ట్రాప్ అయితే మలినం కిందికి, నేలలోకి పోతుంది. పీ ట్రాప్ అయితే వెనక్కి, గోడలోకి పోతుంది. ఎస్ ట్రాప్ కొనాలంటే గోడ నుంచి నేలలో ఉన్న పైపు నడిమికి ఎంత దూరం ఉందో తెలియాలి, మార్కెట్లో ఎక్కువగా దొరికేవి 225 మిల్లీమీటర్లవీ 300 మిల్లీమీటర్లవీ, అంటే తొమ్మిది అంగుళాలు, పన్నెండు అంగుళాలు. ఈ దూరం టైల్స్ వేసిన గోడ ముఖం నుంచి కొలవాలి, ఇటుక నుంచి కాదు. టైలు, దాని వెనక మాలు కలిపి అంగుళం పైనే తింటుంది, ఆ అంగుళంతోనే సిస్టర్న్ (ఫ్లష్ నీళ్ల తొట్టి) గోడకి తగలడమో, వెనక సందు మిగలడమో జరుగుతుంది.

మా బేసిన్ కింది పైపు నడిమి గోడ నుంచి పద్నాలుగు అంగుళాల్లో ఉంది. తొమ్మిదికీ సరిపోదు, పన్నెండుకీ సరిపోదు. పైగా అది పాత గ్లేజు మట్టి పైపు, ముప్పై ఏళ్లుగా నేలలో ఉంది, దాన్ని కదిపితే ఎక్కడ పగులుతుందో చెప్పలేం.

కానీ మా ఇంటికి ఒక సౌకర్యం ఉంది. గ్రౌండ్ ఫ్లోరు, రెండడుగుల పునాది ఎత్తు, బాత్రూం వెనక గోడకి అవతల నాలుగడుగుల దూరంలోనే చాంబర్ (మురుగు పైపులు వచ్చి కలిసే, మూత ఉన్న చిన్న తొట్టి), అక్కడి నుంచి సెప్టిక్ ట్యాంకు. అంటే పీ ట్రాప్ కమోడ్ తీసుకుని గోడకి కన్నం పెట్టి, బయట కొత్త పైపు వేసి చాంబర్‌లో కలిపేస్తే నేలలో ఉన్న పాత పైపు జోలికే వెళ్లక్కర్లేదు. దాన్ని మూసేస్తే చాలు. ఇంకో లాభం, బయట పనంతా అయ్యేదాకా పాత బేసిన్ వాడుకోవచ్చు, అమ్మకి ఇబ్బంది తగ్గుతుంది. తమ్ముడికి చెబితే "అక్కా, ఇదే చేద్దాం" అన్నాడు. ఖాయం.

శనివారం

తెనాలి వెళ్లి సామాన్లు తెచ్చాం. కమోడ్ టూ పీస్‌ది తీసుకున్నాం, అంటే బౌల్ వేరు, సిస్టర్న్ వేరు, షాపుల్లో కపుల్ క్లోజెట్ అంటారు. వన్ పీస్ చూడ్డానికి నున్నగా బాగుంటుంది, తుడవడం తేలిక, కానీ బరువు చాలా ఎక్కువ, ఇద్దరం ఆ ఇరుకులో దాన్ని పట్టుకుని గోడ పైపులోకి గురి చూసి తోయడం కష్టం. టూ పీస్ అయితే ముందు బౌల్ కుదిర్చి తర్వాత సిస్టర్న్ ఎక్కించొచ్చు. రేపు సిస్టర్న్ పగిలినా అదొక్కటే మార్చుకోవచ్చు. ఐఎస్ఐ మార్కు చూసుకున్నాం, డ్యూయల్ ఫ్లష్, చిన్న బటన్‌కి మూడు లీటర్లు, పెద్దదానికి ఆరు.

షాపులోనే టేపు తీసి కొలిచాను. బౌల్ అంచు ఎత్తు 400 మిల్లీమీటర్లు, సీటు వేస్తే పదహారున్నర అంగుళాలు. అమ్మకి కావాల్సింది పదిహేడున్నర. ఒక అంగుళం తక్కువ. సీటు మీద పెట్టే ప్లాస్టిక్ ఎత్తుపీటలు దొరుకుతాయి కానీ అవి కదులుతాయి, శుభ్రం చేయడం కష్టం. అందుకని కమోడ్ కిందే అంగుళం ఎత్తు గట్టి ఆధారం ఇద్దామనుకున్నాం. గ్రానైట్ షాపులో చీమకుర్తి రాయి, నల్లటి దాంట్లో మెరుపు చుక్కలుండే గెలాక్సీ, పెద్ద పలక కోయగా మిగిలిన ముక్క దొరికింది. మందం 20 మిల్లీమీటర్లు, కింద మాలుతో కలిపి సరిగ్గా అంగుళం. కమోడ్ అడుగు ఆకారం అట్టముక్క మీద గీసి ఇచ్చాం, చుట్టూ అరంగుళం మాత్రమే బయటికి వచ్చేలా కోసి, అంచు గుండ్రంగా పాలిష్ పట్టించాం. అమ్మ కాలి వేళ్లకి తగలకూడదు కదా.

పైపులు ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగుకీ వాన నీళ్లకీ వాడే పీవీసీ రకం), టైప్ బి. ఇది చాలామంది పట్టించుకోరు, టైప్ ఎ వాన నీళ్లకీ గాలి గొట్టానికీ, టైప్ బి మరుగుదొడ్డి మలినానికి. పక్కపక్కనే పెడతారు, రంగొకటే, గోడ మందమే తేడా. ఇవి కాక ఒక డోర్ బెండు, రెండు 45 డిగ్రీల బెండ్లు, పాన్ కనెక్టర్ (కమోడ్ మూతిని పైపుకి కలిపే రబ్బరు అంచు ముక్క), యాంగిల్ కాక్ (సిస్టర్న్‌కి నీళ్లు ఆపే చిన్న కుళాయి), కనెక్షన్ పైపు, హెల్త్ ఫాసెట్, టెఫ్లాన్ టేపు. కమోడ్ పెట్టె మీద రాసిన కొలతలకీ లోపలి వస్తువుకీ ఐదారు మిల్లీమీటర్ల తేడా ఉంది, పింగాణీ బట్టీలో కాలేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి ఆ తేడా మామూలే. వస్తువు చేతికొచ్చాకే కన్నం గుర్తు పెట్టాలి.

ఆదివారం, గోడకి కన్నం

ఈ పనిలో అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. కన్నం ఒకసారి పెట్టాక జరపలేం.

కమోడ్ అడుగు నుంచి పీ ట్రాప్ నడిమికి 180 మిల్లీమీటర్లు. కింద గ్రానైట్ అంగుళం, అంటే 25. మొత్తం 205. కానీ ఎక్కడి నుంచి 205? ఇప్పుడున్న నేల నుంచి కాదు, ఎందుకంటే గద్దె పగలగొట్టి, కాంక్రీటు వేసి, టైల్స్ వేశాక వచ్చే నేల నుంచి. ఆ నేల ఇంకా పుట్టలేదు. కాబట్టి దాని మట్టం గోడ మీద ముందే రాసుకోవాలి.

దీనికి మన మేస్త్రీలు వాడే లెవెల్ పైపుని మించింది లేదు. సన్నటి పారదర్శకమైన గొట్టం, నిండా నీళ్లు, లోపల ఒక్క గాలి బుడగ కూడా ఉండకూడదు. తమ్ముడు ఒక కొస హాల్లో పట్టుకున్నాడు, నేనొక కొస బాత్రూంలో. హాలు నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తున గీత గీసి, నీటి మట్టం ఆ గీత మీద నిలిచాక, ఇటు నీళ్లు ఊగడం ఆగేదాకా ఆగి, బాత్రూం గోడ మీద అదే మట్టంలో పెన్సిల్ గీత. నాలుగు గోడలకీ అదే గీత తిప్పాం. బాత్రూం నేల హాలు కంటే అరంగుళం మాత్రమే కిందికి ఉండాలని అనుకున్నాం, గుమ్మం దగ్గర అమ్మ కాలు ఎత్తాల్సిన పని లేకుండా. అంటే గీత నుంచి కిందికి ఒక మీటరూ అరంగుళం కొలిస్తే రేపటి నేల. అక్కడి నుంచి పైకి 205. అక్కడ చుక్క.

అడ్డంగా, పక్క గోడ నుంచి కమోడ్ నడిమికి కనీసం పదిహేను అంగుళాలు ఉండాలి, లేకపోతే మోచెయ్యి గోడకి రాసుకుంటుంది. మేం పదహారు పెట్టాం, గోడకి పట్టుకునే బారు వస్తుంది కాబట్టి.

తొమ్మిదంగుళాల ఇటుక గోడ. అద్దెకి తెచ్చిన డ్రిల్ హ్యామర్‌తో ఐదంగుళాల వృత్తం చుట్టూ వరసగా చిన్న కన్నాలు వేసుకుంటూ పోయి, మధ్యలో ఉన్నదాన్ని ఉలితో తొలిచాం. సగం దాకా లోపలి నుంచి, మిగతా సగం బయటి నుంచి. ఒక పక్క నుంచే మొత్తం కొట్టుకుంటూ పోతే అవతలి గోడ ప్లాస్టరింగ్ పళ్లెమంత పెచ్చు ఊడుతుంది. నడిమిలో పొడవాటి బిట్‌తో ముందు ఒకే ఒక్క కన్నం అవతలికి తీసి పెట్టుకుంటే బయట ఎక్కడ కొట్టాలో తెలుస్తుంది. ఇటుక పొడి చాలా రేగింది, మాస్కు, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు.

కన్నం కొంచెం బయటికి వాలుగా ఉండాలి. చిన్న పైపు ముక్క పెట్టి స్పిరిట్ లెవెల్ ఆనించి చూశాం, బుడగ ఇంటివైపు జరిగి ఉంది, అంటే ఇంటివైపు కొస ఎత్తుగా ఉంది. చాలు.

వారం మధ్యలో, బయట పైపు

చాంబర్ మూత తీసి వెంటనే తొంగి చూడకుండా కాసేపు దూరంగా ఉన్నాం. చాంబర్ చిన్నదే అయినా లోపల గ్యాసు ఉంటుంది. ఇక సెప్టిక్ ట్యాంకు అయితే మనిషి దిగే ప్రశ్నే లేదు, ఇంట్లోవాళ్లైనా సరే, కూలికి వచ్చినవాళ్లైనా సరే. రక్షణ లేకుండా మనుషుల్ని ట్యాంకుల్లోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, అయినా ఇంకా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. మా ట్యాంకు తీయించి చాలాకాలమైంది, ఈ పనితో పాటే మిషన్ లారీని పిలిపించి తోడించేశాం. రెండు మూడేళ్లకోసారి తోడించాల్సిన దాన్ని నిండి పొంగేదాకా వదిలేయడం మన దగ్గర అలవాటైపోయింది, ఆ బురద అంతా తర్వాత ఇంకుడు గుంతలోకి పోయి దాన్ని పూడ్చేస్తుంది.

పైపు పని సాఫీగా సాగింది. గోడ బయట 90 డిగ్రీల బెండు పెట్టకుండా 45వి రెండు కలిపి మెల్లగా కిందికి దింపాం, అలా అయితే మలినం కొట్టుకుని ఆగదు. అడుగున డోర్ బెండు, అంటే పక్కన బోల్టులతో తెరుచుకునే మూత ఉన్నది, ఎప్పుడైనా అడ్డుపడితే ఇంట్లో కమోడ్ కదపకుండా బయటి నుంచే కర్ర పెట్టి తీయొచ్చు. అక్కడి నుంచి చాంబర్‌కి నాలుగడుగులు, అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు, మొత్తం ఒక అంగుళం. వాలు ఎక్కువైతే ఇంకా మంచిదని చాలామంది అనుకుంటారు, మరీ ఎక్కువైతే నీళ్లు ముందు పరుగెత్తి మలినం వెనక ఉండిపోతుందని తమ్ముడికి పని నేర్పిన పెద్దాయన చెప్పేవాడట.

రబ్బరు రింగులకి సబ్బు నీళ్లు రాసి తోస్తే పైపు లోపలికి జారుతుంది. పూర్తిగా తోసి మళ్లీ పావు అంగుళం వెనక్కి లాగాలి, మన ఎండలకి పైపు సాగుతుంది కాబట్టి ఆ ఖాళీ కావాలి. గోడకి క్లాంపులు, ఎండ తగిలే భాగానికి పెయింటు. గోడ కన్నం చుట్టూ మాలు కూరడం మాత్రం ఇప్పుడు చేయట్లేదు, కమోడ్ కుదిరాకే.

బుధవారం, పాత బేసిన్

అమ్మ పక్కింటి బాబాయ్ వాళ్లింటికి వెళ్లింది, వాళ్లింట్లో కమోడ్ ఉంది. ఇక పగలగొట్టడమే.

ముందు రోజు రాత్రి బేసిన్‌లో బ్లీచింగ్ పౌడరు వేసి వదిలేశాం. ఒక జాగ్రత్త, బ్లీచింగ్ వేసిన చోట బాత్రూం యాసిడ్ పోయకూడదు, అంతకుముందు యాసిడ్ పోసి ఉంటే బాగా నీళ్లు కొట్టాకే బ్లీచింగ్ వేయాలి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు వస్తుంది, అంత చిన్న గదిలో అది ప్రాణం మీదకి తెస్తుంది. తెల్లారి బకెట్లతో బాగా నీళ్లు కొట్టి, ట్రాపులో ఉన్న నీళ్లు గుడ్డతో తోడేశాం.

గద్దె అంచు నుంచి మొదలుపెట్టి, బేసిన్ చుట్టూ ఉన్న కాంక్రీటు తీస్తూ వచ్చాం. బేసిన్ మీద నేరుగా సమ్మెట వేస్తే పింగాణీ ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి, గోనెసంచి కప్పి కొట్టాలి. గట్టి తోలు గ్లౌజులు, బూట్లు. బేసిన్ రెండు ముక్కలుగా వచ్చింది, దాని కింద పింగాణీ ట్రాపు, ట్రాపు చుట్టూ ఇటుక ముక్కలు, తడి ఇసుక. ఆ ఇసుక అంత తడిగా ఉందంటే ట్రాపు జాయింటు చాలా కాలంగా కారుతున్నట్టే. పూజగది గోడ అడుగున సున్నం ఎందుకు ఊడిపోతోందో ఏళ్ల తరబడి ఎవరికీ తెలియలేదు, వానల వల్లే అనుకున్నాం. కారణం ఇక్కడుంది.

ట్రాపు తీయగానే పైపు నోట్లో గోనెగుడ్డ ఉండ కుక్కాం, దానికి తాడు కట్టి తాడు కొస బయట మేకుకి ముడేశాం. తాడు లేకపోతే ఒక దెబ్బకి ఉండ లోపలికి జారి పైపులో ఇరుక్కుంటుంది. ఆ గుడ్డ వాసనని ఆపుతుంది, రాబిస్ (పగలగొట్టిన ఇటుక, కాంక్రీటు చెత్త) పడకుండా చూస్తుంది. పని అయ్యాక గుడ్డ తీసి, పైపు నోటికి మూత వేసి, పైన కాంక్రీటుతో కప్పేశాం. చాంబర్ వైపు కూడా పాత పైపు నోరు ఇటుకముక్క, మాలుతో మూసేశాం. రెండు వైపులా మూయకపోతే ఆ పైపు బొద్దింకలకి ఇల్లవుతుంది.

రాబిస్ బస్తాల్లో ఎత్తి పోయడం తమ్ముడి వంతు. వాడి వీపు నొప్పికి అమ్మ రాత్రి జండూబామ్ రాసింది.

నేల

త్వరగా రాస్తాను, ఇది టైల్స్ మేస్త్రితో చేయించాం. గుంత ఇసుకతో నింపి నీళ్లు పోసి కూర్చోబెట్టాం, పైన మూడంగుళాల కాంక్రీటు. కమోడ్ వచ్చే చోట ఇంకొంచెం మందం, స్క్రూలు పట్టాలి కాబట్టి. రోజూ నీళ్లు కట్టి ఆరనివ్వకుండా చూశాం. తర్వాత వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు, గోడల మీద అడుగు ఎత్తు దాకా, మూలల్లో ఇంకా శ్రద్ధగా. ఒక రోజు నీళ్లు నిలబెట్టి చూశాం, మట్టం తగ్గలేదు. యాంటీ స్కిడ్ టైల్స్, నహానీ ట్రాపు (నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ కన్నం) వైపు వాలు, ఆరున్నర అడుగుల పొడవుకి అంగుళం. గ్రానైట్ పలక కూడా అప్పుడే పరిపించాం, దాన్ని మాత్రం వాలు లేకుండా, స్పిరిట్ లెవెల్ నిలువుగా అడ్డంగా ఐమూలగా పెట్టి మరీ.

నీళ్ల లైను కూడా ఈ వారమే అయింది. అర అంగుళం సీపీవీసీ, యాంగిల్ కాక్ నేల నుంచి ఎనిమిది అంగుళాల్లో. డాబా మీది ట్యాంకు అడుగు నుంచి ఇక్కడికి పన్నెండడుగుల దాకా ఉంటుంది, ఆ ప్రెషర్ సిస్టర్న్ నింపడానికి సరిపోతుంది, కాకపోతే నెమ్మదిగా.

శనివారం, కమోడ్ బిగింపు

ముందు ఉత్తినే పెట్టి చూశాం, ఏ జిగురూ ఏ మాలూ లేకుండా. కమోడ్ వెనక మూతి, గోడ పైపు, రెండూ ఎదురెదురుగా వచ్చాయి. తమ్ముడు టార్చి వేసి పడుకుని చూసి "సరిపోయిందక్కా" అని కేక వేశాడు. ఆ లెవెల్ పైపుకి దండం పెట్టాలనిపించింది.

అప్పుడు బోల్టు కన్నాల్లోంచి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, కమోడ్ పక్కకి తీసి డ్రిల్ చేశాం. గ్రానైట్‌కి హ్యామర్ మోడ్ వాడకూడదు, చిట్లుతుంది. డైమండ్ బిట్‌తో, మధ్య మధ్యలో నీళ్లు చిలకరిస్తూ, మెల్లగా. గ్రానైట్ దాటి కాంక్రీటు తగిలాక హ్యామర్. ప్లగ్గులు కాంక్రీటులోనే దిగాలి, అందుకని మామూలు కమోడ్ స్క్రూల కంటే అంగుళం పొడవైనవి తీసుకున్నాం.

పాన్ కనెక్టర్ ముందు గోడ పైపులోకి, తర్వాత కమోడ్ మూతి దాని రబ్బరు లోపలికి. సబ్బు నీళ్లు రాసి, ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని ఒకేసారి నిటారుగా తోశాం. ఒక పక్క ముందు పోతే రబ్బరు మడత పడుతుంది, ఆ మడతలోంచే రేపు కారేది. చేతివేలు చుట్టూ తిప్పి మడత లేదని తేల్చుకున్నాకే స్క్రూలు. స్క్రూ తల కింద ప్లాస్టిక్ వాషరు తప్పనిసరి, చేతి బిగువు దాకా బిగించి ఆపై పావు తిప్పు, అంతే. పింగాణీ అదనపు పావు తిప్పుని క్షమించదు.

ఇక్కడ ఊళ్లో కమోడ్ అడుగున తెల్ల సిమెంటు నిండా కూరేస్తారు. నాకది ఇష్టం లేదు. రేపు తీయాల్సి వస్తే కమోడ్ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. మేం గ్రానైట్‌కీ కమోడ్‌కీ మధ్య ముందూ పక్కలా సిలికాన్ పట్టీ వేశాం, వెనక వైపు ఖాళీగా వదిలేశాం. లోపల ఎక్కడైనా కారితే ఆ ఖాళీలోంచి నీళ్లు బయటికొచ్చి కనిపించాలి. చుట్టూ మూసేస్తే నెలల తరబడి లోపలే మగ్గుతుంది, మా పాత బేసిన్ లాగే.

సిస్టర్న్ ఎక్కించడం తేలిక. మధ్యలో లావాటి రబ్బరు గాస్కెట్, రెండు బోల్టులు, ఇటు కొంచెం అటు కొంచెం మార్చి మార్చి బిగించడం. గోడ కన్నం చుట్టూ మాలు కూరి పైన పుట్టీ.

సిలికాన్ ఆరాలి కాబట్టి రేపటిదాకా నీళ్లు లేవు.

ఆదివారం, నీళ్ల పరీక్ష

కనెక్షన్ పైపు తగిలించే ముందు యాంగిల్ కాక్ తెరిచి బకెట్‌లోకి నీళ్లు వదిలేశాం. కొత్త లైనులో ఇసుక, పైపు కోసినప్పటి పొట్టు ఉంటాయి, అవి సిస్టర్న్ వాల్వులోకి పోతే మొదటి రోజే నీళ్లు ఆగకుండా కారుతుంది. తర్వాత తగిలించాం, నింపాం, నీటి మట్టం సిస్టర్న్ లోపలి గీత దగ్గర ఆగింది.

కమోడ్ చుట్టూ, వెనక ఖాళీ దగ్గర, యాంగిల్ కాక్ కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి వరసపెట్టి ఫ్లష్ కొట్టాం. కంటికి కనపడని తడి కాగితం మీద మచ్చగా కనిపిస్తుంది. కాగితాలు పొడిగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప, యాంగిల్ కాక్ కింద చిన్న చుక్క. విప్పి టెఫ్లాన్ టేపు ఇంకో రెండు చుట్లు వేస్తే ఆగింది.

ఇంకో పరీక్ష, బట్టలకి వేసే నీలిమందు నాలుగు చుక్కలు సిస్టర్న్‌లో వేసి అరగంట ఫ్లష్ కొట్టకుండా ఆగాం. బౌల్‌లో నీళ్లు నీలంగా మారితే లోపలి రబ్బరు సరిగ్గా కూర్చోలేదని, రోజంతా నీళ్లు ఊరకే పోతున్నాయని అర్థం. తెల్లగానే ఉన్నాయి.

బయట చాంబర్ దగ్గర తమ్ముడు నిలబడి "వచ్చాయి" అని అరుస్తుంటే నేను లోపల ఆరు లీటర్లు వదలడం, ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం. బౌల్‌లో నిలిచే నీళ్ల లోతు కూడా కొలిచాను, వంపులో రెండంగుళాల సీల్ ఉంది. ఆ నీళ్లే ట్యాంకు వాసనకీ మన ముక్కుకీ మధ్య ఉన్న ఏకైక తలుపు. ఈ వంపుకి 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు, రెండున్నర శతాబ్దాలైనా ఇంతకంటే మంచి ఉపాయం రాలేదు. అమ్మ వేసవిలో మా ఇంటికి వచ్చి నెల ఉంటే ఇక్కడ ఈ నీళ్లు ఎండిపోతాయి, నహానీ ట్రాపులోవి ఇంకా ముందు ఎండుతాయి. బయల్దేరే ముందు రెండింట్లోనూ నీళ్లు పోసి పైన చెంచాడు నూనె వేయమని బాబాయ్‌కి చెప్పి పెట్టాం, నూనె పొర ఉంటే నీళ్లు తొందరగా ఆవిరి కావు.

సోమవారం, బార్లు, తలుపు

స్టీలు బారు పక్క గోడకి, సీటు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తున. అమ్మని కూర్చోబెట్టి చెయ్యి ఎక్కడికి సహజంగా పోతుందో చూసి అక్కడే గుర్తు పెట్టాం, పుస్తకం కొలతా అమ్మ చెయ్యీ దాదాపు ఒకే చోట కలిశాయి. లేచి నిలబడేటప్పుడు పట్టుకోవడానికి ఎదురుగా నిలువు బారు ఇంకోటి. ప్లాస్టరింగ్ దాటి ఇటుకలోకి కనీసం రెండంగుళాలు దిగే యాంకర్ బోల్టులు వేశాం. బిగించాక తమ్ముడు తన బరువంతా వేసి వేలాడాడు. డెబ్బై అయిదు కిలోలు, కదల్లేదు. టవల్ రాడ్డుని పట్టుకుని లేచే ముసలివాళ్లని చాలామందిని చూశాను, అది ఊడిందంటే తుంటి ఎముక విరుగుతుంది, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లుంటే బారు పెట్టించండి.

తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి పడిపోతే తలుపుకి అడ్డంగా పడతారు, బయటి నుంచి తోయలేం. తలుపు బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేశాం. గడియ తీసేసి, బయటి నుంచి నాణెం పెట్టి తిప్పితే తెరుచుకునే లాకు వేశాం. స్విచ్ గుమ్మం బయట ఉంది, రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి లోపల.

ఆ తర్వాతి వారం

అమ్మ వాడుతోంది. మొదటిరోజు "చల్లగా ఉందే" అంది, సీటు గురించి. రెండో రోజు నుంచి ఏమీ అనలేదు, రాత్రిళ్లు నన్ను లేపడం మానేసింది. పాదాలు పూర్తిగా ఆనుతున్నాయి, ఒక చేత్తో బారు పట్టుకుని లేస్తోంది.

బాబాయ్ వచ్చి మొత్తం చూసి, చేలో పాక దగ్గర కూలీల కోసం ఒక మరుగుదొడ్డి కట్టిద్దామనుకుంటున్నాను, రెండు గుంతల పద్ధతి చేద్దామా అని అడిగాడు. స్వచ్ఛ భారత్ 2014లో మొదలయ్యాక ఊళ్లల్లో ఎక్కువగా చెప్పింది ఆ పద్ధతే, ఒక గుంత నిండాక మూసేసి రెండోది వాడుకుంటే రెండేళ్లకల్లా మొదటిది ఎరువవుతుంది. వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో 2017లో కేంద్ర కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువు తీసి చూపించారు కూడా. కానీ అది మెట్ట నేల. మాది డెల్టా, వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లు. గుంత అడుగు నీటి మట్టం కంటే బాగా పైన ఉండాలి, లేకపోతే మలినం నేరుగా బోరు నీళ్లలో కలుస్తుంది. ఆ పద్ధతే కావాలంటే గుంతలు నేల మీదికి లేపి చుట్టూ మట్టి కట్ట పోయాలి, లేదా చిన్న సెప్టిక్ ట్యాంకు. ఆగస్టులో బోరు దగ్గర నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూసి అప్పుడు తేలుద్దాం బాబాయ్ అన్నాను, ఎండాకాలం కొలత నమ్మొద్దని కూడా చెప్పాను.

మిగిలిన పనులు: మా బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, సిస్టర్న్ వాల్వు మూతిలో ఉన్న చిన్న జల్లెడ రెండు నెలలకోసారి విప్పి వెనిగర్‌లో నానబెట్టి కడగాలి, తమ్ముడి ఫోన్లో రిమైండర్ పెట్టించాను. పూజగది గోడ ఆరుతోంది, పూర్తిగా ఆరాకే సున్నం వేయాలి, అందుకు ఇంకో నెల పడుతుంది. కూర్చున్న చోటు నుంచి అందేలా ఒక చిన్న అరమర, చీర కొంగు తడవకుండా పక్కన ఒక కొక్కెం కావాలని అమ్మ అడిగింది, వచ్చే ఆదివారం ఆ రెండూ బిగిస్తాం.